ఆ రాగి తొట్టిని తోమిందెవరు?

వంటింటి సామాన్లని పొగడటం ఈమధ్య ఒక మర్యాద అయిపోయింది. రోలు, రోకలి, తిరగలి, రాగి బిందె, ఇత్తడి గంగాళం... అటకల మీద పడి ఉన్నవన్నీ కవితల్లోకీ, కాన్వాసుల మీదకీ, పెద్ద హోటళ్ళ వాకిళ్ళలోకీ దిగివచ్చాయి. వాటి గురించి రాసేవాళ్ళు దాదాపు ఒకే నాలుగు మాటలు వాడతారు: మౌనం, నిరాడంబరత, జ్ఞాపకం, అమ్మ చేతి స్పర్శ. ఈ నాలుగింటితోనూ నాకు పేచీ ఉంది. ముఖ్యంగా నాలుగోదానితో. 'స్పర్శ' ఎంత మెత్తటి మాట! ఇటుక పొడితో, బూడిదతో తోమితోమి అరిగిపోయిన గోళ్ళకి స్పర్శ అని పేరు పెట్టాక ఇక అడగడానికి ఏం మిగులుతుంది?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఒక వస్తువు అపురూపంగా ఉండాలంటే దాని కోసం రోజూ ఎవరో ఒకరు ఒళ్ళు వంచాలి. ఆ ఒళ్ళు వంచడాన్ని పక్కకి తప్పించి, వస్తువుని మాత్రం మన ముందు పెట్టే చిత్రం అందంగా ఉండొచ్చు. ఉంటుంది కూడా. కానీ అలా తప్పించడాన్నే ఆ చిత్రానికున్న గొప్ప గుణంగా ఎంచే విమర్శని మాత్రం మనం ఒప్పుకోకూడదు. ఆ విమర్శ మగవాడి కంటితో వంటింటిని చూస్తుంది. గడప అవతల నిలబడి చూస్తుంది.

నాసిరకం బొమ్మ ఒకటి తీసుకుని దాన్ని ఓడించడంలో ఘనత లేదు. అందుకని అందరూ గొప్పదని ఒప్పుకున్న చిత్రాన్నే తీసుకుంటాను. ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ సుమారు 1734లో వేసిన రాగి తొట్టి బొమ్మ అది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అడుగు ఎత్తయినా లేని చిన్న చెక్క పలక. దాని మీద తైలవర్ణంలో ఒక రాగి నీళ్ళ తొట్టి. మూత ఉంది, కింద కుళాయి ఉంది, మూడు కాళ్ళ చెక్క పీట మీద కూర్చుని ఉంది. పక్కన ఒక బకెట్టు, ఒక కూజా. అంతే. కుళాయిలు ఇళ్ళలోకి రాని ఆ రోజుల్లో బయటి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు ఇలాంటి తొట్టిలో పోసి వాడుకునేవారు. మన ఇళ్ళలో గంగాళం చేసిన పనే అది చేసేది. రాగి మీద పడ్డ వెలుతురు ఒక చోట ఎర్రగా, ఒక చోట గులాబీ రంగులో, అంచు దగ్గర దాదాపు నల్లగా... ఎంతసేపైనా చూడొచ్చు. బొమ్మ గొప్పతనంతో నాకేమీ తగాదా లేదు.

పైగా ఆ కాలానికి ఇదొక ధిక్కారమే. 1660ల చివర్లో ఫెలిబియన్ అనే పండితుడు ఫ్రెంచి రాజ అకాడెమీ కోసం చిత్రకళకి ఒక నిచ్చెన కట్టాడు. పురాణాలూ చరిత్రా గీసేవాడు పై మెట్టు మీద, మనుషుల ముఖాలు గీసేవాడు ఆ కింద, పండ్లూ పూలూ గిన్నెలూ గీసేవాడు అన్నిటికన్నా అడుగున. 1728లో షార్డాన్‌ని అకాడెమీ చేర్చుకున్నది కూడా జంతువులూ పండ్లూ బాగా వేస్తాడనే హోదాతోనే. అంటే కింది మెట్టు మీదే. అలాంటి కాలంలో ఒక నీళ్ళ తొట్టిని రాజు బొమ్మ వేసినంత శ్రద్ధగా వేశాడు. 1760లలో దిదెరో అతన్ని మాంత్రికుడని మెచ్చుకున్నాడంటే ఊరికే కాదు. నిచ్చెన అడుగున ఉన్నదాన్ని తలెత్తి చూసేలా చేసినందుకు షార్డాన్‌కి నేనూ దణ్ణం పెడతాను.

కానీ ఇదే తొట్టిని షార్డాన్ ఇంకో బొమ్మలో కూడా వేశాడు. దాని సంగతి మన కళావిమర్శకులు ఎందుకనో అంతగా ఎత్తరు. 1733 నాటి ఆ చిత్రం స్టాక్‌హోమ్ జాతీయ మ్యూజియంలో ఉంది. అందులో ఒకామె నడుం వంచి ఆ తొట్టి కుళాయి కింద కూజా పట్టి నీళ్ళు నింపుకుంటోంది. తల మీది తెల్లటి కుచ్చుల టోపీ ముఖాన్ని పూర్తిగా కప్పేసింది. ముఖం కనపడదు. కనపడేవి వంగిన వీపు, చేతులు. వెనక తలుపులోంచి ఇంకో గది కనిపిస్తుంది. అక్కడ మరొకామె చీపురు పట్టుకుని ఊడుస్తోంది, దగ్గర్లో ఒక పాప. దీనికి జంటగా వేసిన బొమ్మలో బట్టలుతికే మనిషి ఉంది.

ఈ రెండు చిత్రాల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో తొట్టీ, మనిషీ ఉన్నారు. రెండోదాంట్లో తొట్టి మాత్రమే ఉంది. మనిషి వెళ్ళిపోయాక తొట్టి 'మౌనంగా', 'గంభీరంగా', 'కాలాతీతంగా' తయారైంది! ఆమె వంగి ఉన్నంతసేపూ అది ఒక పనిముట్టు. ఆమెని పక్కకి పంపించాక అది ఒక ధ్యానం. ఇలాంటి బొమ్మని ఇంగ్లీషులో స్టిల్ లైఫ్ అంటారు, ఫ్రెంచిలో చచ్చిన ప్రకృతి అనే అర్థం వచ్చే పేరుంది, మనం నిశ్చల చిత్రం అంటున్నాం. నీళ్ళ తొట్టి ఎప్పుడైనా నిశ్చలంగా ఉంటుందా? పొద్దున నిండుతుంది, మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండాలి. అది నిశ్చలంగా కనపడుతోందంటే ఆ కదలికంతా ఇంకెవరి ఒంట్లోనో ఉందన్నమాట.

ఇంకో విషయం చెప్పాలి. ఆ తొట్టి షార్డాన్ సొంత ఇంటిదే. అతని మొదటి భార్య మార్గరీట్ సెంతార్ 1735లో చనిపోయింది. 1737లో వాళ్ళ ఇంట్లోని ఆస్తికి జాబితా రాశారు. అందులో రాగి తొట్టి కూడా ఉంది. కళాచరిత్రకారులకి ఆ జాబితా అంటే ఎంతో ఇష్టం, బొమ్మల్లోని వస్తువుల్ని అందులో గుర్తుపట్టి సంబరపడతారు. నాకు మాత్రం అది చూస్తే మన పెద్దమనుషుల పంచాయితీలు గుర్తొస్తాయి. కాపురం చెడిపోయాక అరుగు మీద కూర్చుని సారె సామాను లెక్క రాస్తారు చూడండి: బిందెలు రెండు, గంగాళం ఒకటి, పళ్ళేలు ఆరు. వస్తువుకి లెక్క ఉంటుంది, ధర ఉంటుంది. ఆ వస్తువుతో ఆమె గడిపిన ఏళ్ళకి జాబితాలో గడి ఉండదు. షార్డాన్ ఇంట్లో ఆ తొట్టిని రోజూ నింపింది భార్యో, పనిమనిషో. ఎవరైనా, ఆ పని మాత్రం ఆస్తిలోకి రాలేదు.

మూడు వందల ఏళ్ళ కిందటి పారిస్ గొడవ మనకెందుకని అడగొచ్చు. ఆ బొమ్మని చూడటం నేర్పిన కంటితోనే ఇవాళ మన ఇత్తడినీ రాగినీ చూస్తున్నాం కాబట్టి. రెండేళ్ళ కిందట ఒక సాహిత్య సదస్సులో పేరున్న విమర్శకుడొకాయన తెర మీద ఒక తైలవర్ణ చిత్రం చూపించారు. కిటికీ పక్కన ఇత్తడి గంగాళం, దాని మీద సాయంత్రపు ఎండ. ఆ ఎండ గురించి ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. నిజానికి బాగా మాట్లాడారు. చివర్లో నేను లేచి, "ఆ మెరుపు ఎండదేనంటారా, తోమినవాళ్ళది కూడానా?" అని అడిగాను. హాల్లో నవ్వులు. "అమ్మా, ప్రతిదాంట్లోనూ చాకిరీని వెతికితే ఇక రసం ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నారాయన. మళ్ళీ నవ్వులు. వేదిక పక్కన టీ గ్లాసులు ఏరుతున్న ఇద్దరాడవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళు మా మాటలు వింటున్నారో లేదో కూడా నాకు తెలీదు.

రసం ఎక్కణ్ణించి వస్తుందో ఆ పెద్దమనిషికి చెప్పదలిచాను. చింతపండు రసం నుంచి వస్తుంది. రాగిని నాలుగు రోజులు వదిలేస్తే నల్లబడుతుంది. తడి ఆరకుండా వదిలేస్తే పచ్చగా చిలుము పడుతుంది, చిలుము విషం. చింతపండు గుజ్జూ ఉప్పూ పట్టించి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగి, మరకలు పడకుండా పొడిగుడ్డతో తుడవాలి. అప్పుడు ఆ ఎరుపు బయటికొస్తుంది. ఇత్తడి వంటగిన్నెలకైతే కళాయి పోయించాలి, లేకపోతే పులుసు కిలుమెక్కుతుంది. పండగ ముందురోజు అటక మీది సామానంతా దింపి పెరట్లో గుట్టగా పోసి ఒక పూటంతా తోమేవాళ్ళు మా అమ్మమ్మా, పిన్నులూ. రాగి తనంతట తాను మెరవదు. చిత్రకారుడు కుంచెతో పట్టుకున్న ఆ మెరుపు లోహం గుణం అనుకుంటాం. అది ఒక పూట పని. రేపటికి కాస్త తగ్గిపోయే పని. అంచేత మళ్ళీ చెయ్యాల్సిన పని.

ఇక్కడ ఇంకో మాట దాటెయ్యకూడదు. 'అమ్మ చేతి స్పర్శ' అంటున్నప్పుడు ఏ అమ్మ చెయ్యి? ఆస్తిపాస్తులున్న అగ్రకులాల ఇళ్ళలో గంగాళం ముందు పనిమనిషి చేతుల్లో పడేది. ఆమె పెరట్లో తోమి బోర్లించి వెళ్ళాక, ఇంటావిడ వాటి మీద నీళ్ళు చల్లి లోపలికి తెచ్చుకునేది. తోమడానికి పనికొచ్చిన చెయ్యి ముట్టుకోవడానికి పనికిరాలేదు! ఆ గిన్నె మెరుపులో ఆమె పని ఉంది, ఆ గిన్నెలోని నీళ్ళలో ఆమెకి వాటా లేదు. మంచినీళ్ళ చెరువు ముట్టుకునే హక్కు కోసం 1927లో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన వేలమంది నడవాల్సి వచ్చిన దేశంలో, నీళ్ళ పాత్రని కులం లేని వస్తువుగా చూపించడం అమాయకత్వం కాదు. రాగి, ఇత్తడి కొందరి జ్ఞాపకాలు. కుండా, ముంతా ఇంకొందరివి. వారసత్వం అనే పేరుతో హోటళ్ళ వాకిట్లో పూలు నింపి పెడుతున్నది ఎవరి వస్తువుల్నో గమనిస్తే ఎవరి వారసత్వమో తెలుస్తుంది.

అంటే స్త్రీలకి వస్తువులతో అనుబంధం లేదనా? ఉంది. దాన్ని చిత్రించిన స్త్రీలూ ఉన్నారు. వాళ్ళు ఎలా చిత్రించారో చూస్తే తేడా తెలుస్తుంది. పదిహేడో శతాబ్దం మొదట్లో ఆంట్వెర్ప్‌కి చెందిన క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి ఉండేది. ఆమె వేసినవన్నీ భోజనపు బల్లలే: చీజ్, చేపలు, పూలు, పింగాణీ, బంగారు పూత గిన్నెలు. మగ చిత్రకారులతో కలిసి నగ్న దేహాల్ని చూసి గీయడం నేర్చుకునే వీలు ఆనాటి ఆడవాళ్ళకి లేదు. ఆ చదువు లేకపోతే పై మెట్టు మీది పురాణ చిత్రాలు వెయ్యడం కుదరదు. ఆడవాళ్ళని గిన్నెల దగ్గరే ఆపేసి, గిన్నెలు వేసేవాళ్ళు తక్కువవాళ్ళని తేల్చడం ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! పారిస్ అకాడెమీ 1770లో ఆన్ వలాయె-కొస్తేర్ అనే ఇరవయ్యైదేళ్ళ నిశ్చల చిత్రకారిణిని చేర్చుకుంది. ఆ ఏడాదే, ఆడవాళ్ళు ఎప్పుడూ నలుగురికి మించకూడదని గీత కూడా గీసుకుంది.

క్లారా పీటర్స్ మాత్రం గిన్నెల దగ్గర ఆగి ఊరుకోలేదు. 1612లో వేసిన ఒక చిత్రంలో బంగారు పూత పాత్ర ఒకటుంది. దాని ఉబ్బెత్తు బుడిపెల మీద దగ్గరగా చూస్తే చిన్న చిన్న ప్రతిబింబాలు కనిపిస్తాయి. అవి ఆమెవే. మెరుపులో తన ముఖం పెట్టింది. ఇంకా కొన్ని చిత్రాల్లో బల్ల అంచున ఒక వెండి పిడి కత్తి ఉంటుంది. అక్కడి పెళ్ళిళ్ళలో అలాంటి కత్తులు కానుకగా ఇచ్చేవారు. ఆ పిడి మీద చెక్కిన అక్షరాలు చదివితే 'క్లారా పీటర్స్' అని ఉంటుంది. చిత్రకారులు కాన్వాసు మూలన సంతకం పెట్టుకుంటారు. ఈమె వస్తువు మీద పెట్టింది. స్పెయిన్‌లోని ప్రాదో మ్యూజియం ఒక స్త్రీ చిత్రకళకి ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టడం 2016లో మొదటిసారి జరిగింది. అది క్లారా పీటర్స్‌దే. నాలుగు వందల ఏళ్ళు పట్టింది ఆ కత్తి పిడి మీది పేరు చదవడానికి.

ఇప్పుడు మీ వంటింట్లో గిన్నెలు తిరగేసి చూడండి. మన ఇళ్ళలోనూ సామాన్ల మీద పేర్లు కొట్టించడం ఉంది. స్టీలు కొట్లో చిన్న మిషను గర్రుమని చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కుతుంది. ఏ పేర్లు ఉంటాయి వాటి మీద? కానుక ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ. లేదా ఇంటిపేరు, ఇంటాయన పేరులో మొదటి అక్షరాలు. మా అమ్మమ్మ గంగాళం మీద తాతయ్య పేరుంది. అది అమ్మమ్మ పుట్టింటి నుంచి సారెగా వచ్చింది. ఆయన జీవితంలో దాన్ని ఒక్కసారైనా కదిపి ఉంటాడని నేననుకోను. పెళ్ళిళ్ళకీ, తద్దినాలకీ పదిళ్ళ సామానూ కలిసిపోయినప్పుడు అమ్మమ్మ ఆ అక్షరాలు చదివి గుర్తుపట్టేది కాదు. చెవి దగ్గరి సొట్ట చూసి గుర్తుపట్టేది. పేరు ఆయనది, సొట్ట ఆమెకి తెలుసు. ఆ గంగాళం ఇప్పుడొక బంధువుల డ్రాయింగ్ రూములో, ప్లాస్టిక్ పూలతో, దీపం కింద 'నిశ్చలంగా' ఉంది. వచ్చినవాళ్ళంతా "అబ్బ, ఎంత బావుందో" అంటారు. దాన్ని తోమడానికి ఒకామె వారానికోసారి వస్తుంది. ఆమెకి నెల జీతం పెంచడం గురించి ఆ ఇంట్లో రెండేళ్ళుగా చర్చ నడుస్తోంది.

మనం సాహిత్యం చదువుకున్నవాళ్ళం. 'వస్తువు', 'శిల్పం' అని విడదీసి పాఠాలు చెబుతాం. వస్తువు అంటే ఇతివృత్తం అని పిల్లలకి నోట్సు చెప్పిస్తాం. కానీ వంటింటి వస్తువు కవితా వస్తువు అయ్యేసరికి, దాని చుట్టూ ఉన్న పని శిల్పంలోకీ రాకుండా, వస్తువులోకీ రాకుండా ఎటో జారిపోతోంది. మనకి ముందు దారి లేక కాదు. వంటింటిని పూజగది అనుకొమ్మన్న రోజుల్లో విమల 'వంటిల్లు' రాసింది. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'లో కుండీలోని మరుగుజ్జు చెట్టు అందం దగ్గర ఆగిపోకుండా, ఎదగనివ్వని పెంపకాన్ని చూపించింది. వస్తువుని ఎలా చదవాలో మన రచయిత్రులు ఎప్పుడో చదివి చూపించారు. తర్వాతి తరం వాళ్ళం, ఉద్యోగాలు చేసుకుంటూ, మిక్సీలూ కుక్కర్లూ వాడుకుంటూ, రోలు మీద బెంగ పెట్టుకుని కవితలు రాస్తున్నాం. రోలు దగ్గరినుంచి లేచి వచ్చినవాళ్ళకే రోలు మీద బెంగ! ఇప్పటికీ దాని ముందు కూర్చుని ఉన్న మనిషిని అడిగితే నడుం నొప్పి గురించి చెబుతుంది.

"అయితే ప్రతి గిన్నె పక్కనా ఒక పనిమనిషిని గియ్యాలా? అలా గీస్తే అది కళ అవుతుందా, నినాదం అవుతుందా?" అని అడుగుతారు. అడుగుతున్నారు కూడా. నేను చిత్రకారులకి నియమాలు పెట్టడం లేదు. క్లారా పీటర్స్ బల్ల దగ్గర మనుషులెవరూ నిలబడి లేరు. అయినా ఆ బల్ల ఎవరిదో మనకి తెలుస్తుంది. షార్డాన్ తొట్టి పక్కన కూడా ఎవరూ ఉండక్కర్లేదు. కానీ దాని గురించి రాసే విమర్శకుడు స్టాక్‌హోమ్ బొమ్మని చూసి వచ్చి రాయాలి. నేను ప్రశ్నిస్తున్నది విమర్శని, పాఠాన్ని, పీఠికల్ని. ఆ ఖాళీని చూసి 'ప్రశాంతత' అన్న మాటని. ఎవరి ప్రశాంతత అది? కూర్చుని చూసేవాడిది.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళకి ఒక లెక్క. మన దేశంలో 2024లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు ఖర్చు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు కలిసొచ్చాయి. ఆ పది నిమిషాలు మగవాళ్ళు ఎత్తుకున్నారా అంటే, వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! రోజుకి దాదాపు ఐదు గంటలు. ఒక నిశ్చల చిత్రం ముందు నిలబడి తన్మయత్వం చెందడానికి ఎవరికి తీరిక ఉంటుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

అందుకని రాసేవాళ్ళకీ, పాఠాలు చెప్పేవాళ్ళకీ నా విన్నపం ఇది. వంటింటి వస్తువు మీద వచ్చిన చిత్రమో కవితో కథో మన ముందుకి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. దీన్ని నింపిందెవరు? తోమిందెవరు? దీని మీద ఎవరి పేరుంది? పరిశోధనలకి గైడ్లుగా ఉన్నవాళ్ళు 'వస్తుచిత్రణ' అనే అధ్యాయం కనపడగానే విద్యార్థి చేత ఈ మూడూ రాయించండి. సమీక్షలు రాసేవాళ్ళు 'మౌన సౌందర్యం' అని రాయబోయి ఒక్క క్షణం కలం ఆపండి. సదస్సుల్లో ఎవరైనా లేచి ఈ ప్రశ్న అడిగితే, దయచేసి నవ్వకండి. రసం పోతుందని భయపడకండి, పోదు. ఆ రాగి ఎరుపు ఇంకాస్త చిక్కబడుతుంది. ఎందుకంటే అప్పుడు మనకి కనిపించేది వెలుతురు ఒక్కటే కాదు, ఆ వెలుతురు పడటానికి చోటు తుడిచిన చెయ్యి కూడా.